లోయిస్ స్కూలు చూపించే పద్ధతి

లోయిస్ ఎంగెబ్రెట్సన్ స్కూలు చూపించడం అమ్మాయిల బాత్‌రూమ్‌తో మొదలుపెడుతుంది. కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు ఆఫీసు ముందు అద్దాల అలమారలోని కప్పులూ షీల్డులూ చూడబోతుంటే, అవి ఎక్కడికీ పోవని చెప్పి కింది అంతస్తు చివరిదాకా నడిపిస్తుంది. తల్లిని లోపలికి పంపుతుంది. తండ్రి ఒక్కడే వస్తే తలుపు బయట నిలబెట్టి ఏమేం చూడాలో చెబుతుంది. గడియలు పడుతున్నాయా, గోడ మీద ఏ పిల్ల పేరైనా రాసి ఉందా, ఉంటే అది ఎన్నాళ్ళుగా అలాగే ఉంది. పన్నెండేళ్ళ పిల్ల సాయంత్రందాకా బిగబట్టుకుని కూర్చునే స్కూల్లో లెక్కల మార్కులు ఎన్ని వస్తే ఏం లాభం అంటుంది.

ఆమెకు అరవై ఏడేళ్ళు. ఆల్డర్ లేక్ మిడిల్ స్కూల్లో ఏడో తరగతికి సైన్సు చెప్పి రిటైరైంది. రిటైరైన మరుసటి నెలే మళ్ళీ వచ్చి, స్కూలు చూడటానికి వచ్చే కుటుంబాలను తిప్పే పని తనకివ్వమని అడిగింది. జీతం లేదు. తను పాఠాలు చెప్పిన భవనంలోకే ఇప్పుడు వచ్చినప్పుడల్లా ఆఫీసు కిటికీ దగ్గర సంతకం పెట్టి, 'సందర్శకురాలు' అన్న కాగితం స్వెట్టరుకి అంటించుకుని వెళుతుంది. ప్రిన్సిపాల్ టౌ వాంగ్ ఒకప్పుడు ఆమె క్లాసులో వెనక బెంచీ కుర్రాడు. ఇప్పటికీ ఆమె కనబడితే జేబుల్లోంచి చేతులు తీసేస్తాడు.

స్కూళ్ళు వచ్చినవాళ్ళ ముందు పెళ్ళిచూపుల ముస్తాబుతో కూర్చుంటాయని లోయిస్‌కి బాగా తెలుసు. వాద్యబృందం వాయిస్తున్నప్పుడు హాలు చూపిస్తారు, ప్రయోగశాలలో రంగునీళ్ళు పొంగుతున్నప్పుడు తలుపు తీస్తారు, వచ్చినవాళ్ళకు తోడుగా పళ్ళ వరసకి వేసిన తీగలు తీయించుకున్న చక్కటి పిల్లనిస్తారు. అదంతా నాటకమని ఆమె ఏ ప్రిన్సిపాల్ ముందైనా అనేది. తను మాత్రం వచ్చినవాళ్ళను మెట్ల మలుపులో నిలబెట్టి గంట కొట్టనిస్తుంది. ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకి మారడానికి పిల్లలకిచ్చేది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో ఆరు వందల మంది ఒకరినొకరు తోసుకుంటూ, అరుచుకుంటూ పోతారు. చప్పుడుకు భయపడొద్దనీ, పెద్ద పిల్లలు వస్తుంటే చిన్నపిల్లలు గోడకి అంటుకుపోతున్నారా లేదా అన్నదే చూడమనీ చెబుతుంది.

చాలామంది చేతిలో ఫోనుతో వస్తారు. అందులో ఇళ్ళు వెతికే సైట్లలో మా స్కూలుకి పదికి ఐదు అని ఉంటుంది. మూడేళ్ళ క్రితం ఏడు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో కొత్తగా ఈ దేశానికి వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు నేర్పే తరగతులు మా స్కూల్లో పెట్టారు. ఆ పిల్లలు వచ్చిన కొద్ది నెలలకే ఇంగ్లీషులో పరీక్ష రాశారు, అంకె జారింది. ఇళ్ళమ్మేవాళ్ళు మొహాలు వేలాడేశారు. లోయిస్ మాత్రం ఆ అంకెను దాచలేదు, దానికి సంజాయిషీ కూడా ఇచ్చుకోలేదు. విస్కాన్సిన్ నుంచి వచ్చిన ఒకావిడ ఆ ఐదును మూడుసార్లు ఎత్తితే, లోయిస్ ఆమెనడిగింది, "మీవారిని చేసుకునేముందు పదికి ఎన్ని వేశారు?"

ఆవిడ ఆలోచించి "ఆరు" అంది.

"ఆరేనా?" అన్నాడు పక్కనున్న మొగుడు.

వాళ్ళు ఆ వేసవిలోనే మా ఊళ్ళో ఇల్లు కొన్నారు.

మా వైపు ఇంకో ఇబ్బంది ఉంది. ఇక్కడ ఎవరూ దేన్నీ బాగాలేదని అనరు. చర్చి విందులో పులుసు ఉప్పు కషాయమైనా ఇది కొత్తగా ఉందే అని గిన్నె ఖాళీ చేసి, ఇంటికెళ్ళి చెంబెడు నీళ్ళు తాగుతారు. స్కూలు ఎలా ఉందని పొరుగువాళ్ళను అడిగితే పర్లేదంటారు. పిల్లల్ని తీసేసి వేరే స్కూల్లో వేసినవాళ్ళూ పర్లేదనే అంటారు. అందుకే లోయిస్ ఎవర్నీ అభిప్రాయం అడగనివ్వదు. భోజనాల హాల్లో వరసలో నిలబడ్డ ఏ పిల్లనైనా ఒక్క ప్రశ్న అడగమంటుంది: ఇవాళే చేరిన పిల్ల ఎక్కడ కూర్చోవాలి? ఎక్కడైనా కూర్చోవచ్చని జవాబొస్తే ఎక్కడా చోటు లేదని అర్థమట. వేలు పెట్టి ఒక బల్ల చూపిస్తే ఆ స్కూలు బతికే ఉన్నట్టు.

జనవరి మొదటి వారంలో లోయిస్ కూతురు కారిన్ ఫోన్ చేసింది. కారిన్ సెయింట్ పాల్‌లో ఆసుపత్రి నర్సు, రాత్రి డ్యూటీ. భర్తతో విడిపోయి కూతురు మారెన్‌తో పదకొండు మైళ్ళ అవతల పక్క ఊళ్ళో ఉంటుంది; రాత్రిళ్ళు పక్కింటావిడ పిల్లకు తోడు పడుకుంటుంది. మారెన్ అయిదో తరగతి. కిందటి వసంతంలో స్నేహితులు ముగ్గురూ ఆ పిల్లను వదిలేశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, అడిగితే ఏం లేదన్నారు. అప్పటినుంచి మారెన్ మధ్యాహ్నం అన్నం స్కూలు లైబ్రరీలో తింటోంది. సెప్టెంబరులో ఆరో తరగతికి వెళ్ళాలి. వాళ్ళ ఊరి మిడిల్ స్కూలు కొత్త భవనం, పదికి తొమ్మిది. ఆ ముగ్గురూ వెళ్ళేది అక్కడికే. మా రాష్ట్రంలో పిల్లల్ని పక్క ఊరి బడికి పంపుకోవచ్చు గాని, దరఖాస్తు జనవరి పదిహేనులోపు పెట్టాలి. తప్పు బడి ఎంచుకుంటే మారెన్ ఇంకో మూడేళ్ళు లైబ్రరీలోనే తింటుంది. కారిన్ భయం అదొక్కటే.

మీ స్కూలు చూస్తానంది కారిన్. "అందరు తల్లుల్లాగే వస్తాను. మారెన్ ఒక రోజంతా క్లాసుల్లో కూర్చుంటుంది. నువ్వు మాత్రం ఏం చెప్పకు, అమ్మా."

ఏం చెప్పనని లోయిస్ మాటిచ్చింది. ఇచ్చి, మరునాడు పొద్దున్నే టౌ వాంగ్ గదిలోకి వెళ్ళింది.

కొత్త పిల్ల వెంట రోజంతా తిప్పడానికి ఆరో తరగతి నుంచి ఒకరిని తోడిస్తారు. లోయిస్ ఆడ్రీ అనే పిల్లను అడిగింది. ఆడ్రీ విద్యార్థి సంఘంలో ఉంటుంది, పెద్దవాళ్ళతో కళ్ళలోకి చూసి మాట్లాడుతుంది. ఆ రోజు ఆటల పీరియడ్ బదులు సంగీతం ఉండేలా మార్చమంది. భోజనంలో ఆడ్రీ బల్ల దగ్గర కూర్చునే పిల్లలకు ముందే ఒక మాట చెప్పి ఉంచమంది. టౌ అంతా విని, బల్ల మీద పెన్ను అటూ ఇటూ జరిపాడు.

"టీచర్‌గారూ, మీరే కదా ఎప్పుడూ..."

"ఈ ఒక్కసారికి," అంది లోయిస్.

ఆయన ఆ పెన్నుతోనే మూడూ రాసుకున్నాడు. ఆయనా మా ఊరివాడే.

ఆ రోజు అనుకున్నట్టే జరిగింది. సంగీతం టీచరు కొత్తపిల్ల చేతికి డోలు కర్రలిచ్చింది. భోజనంలో నలుగురు పిల్లలు జరిగి చోటిచ్చారు, ఏ రంగు ఇష్టమనీ, కుక్క ఉందా అనీ వరసగా అడిగారు. లోయిస్ వరండా చివర నిలబడి చూసి, కారిన్ ఇక సంతకం పెట్టేసినట్టే అనుకుంది.

సాయంత్రం కారిన్ వంటింట్లో ముగ్గురూ మా చెరువుల్లో పండే అడవిబియ్యంతో చేసిన సూపు తింటున్నారు. ఎలా ఉందని కారిన్ అడిగితే పర్లేదంది మారెన్. అందరూ మంచివాళ్ళే అంది. సూపులో చెంచా తిప్పుతూ కూర్చుంది.

"ఆడ్రీ బాత్‌రూమ్‌దాకా వచ్చి బయట నిలబడింది," అంది. "అమ్మమ్మా, వాళ్ళకి ఏం చెప్పావు?"

కొత్తపిల్లను పలకరించడం తప్పేం కాదంది లోయిస్.

"మా స్కూల్లో కూడా టీచర్ వేరే ముగ్గురికి చెప్పింది, నా పక్కన కూర్చోమని. వారం కూర్చున్నారు." మారెన్ తల ఎత్తలేదు. "వాళ్ళు కూడా కుక్క ఉందా అనే అడిగారు."

ఆ పిల్ల లేచి గిన్నె కడిగి గదిలోకి వెళ్ళిపోయాక కారిన్ గొంతు తగ్గించి మాట్లాడింది. మాటిచ్చి తప్పినందుకు కోపం లేదట, ఆమాత్రం తను ఊహించిందేనట. "నువ్వు మాకు స్కూలు చూపించలేదమ్మా. నీ ఇన్నేళ్ళ ఉద్యోగం చూపించావు. అది బాగానే ఉంది. నా పిల్ల రోజూ అన్నం తినేది అందులో కాదు." ఆ తొమ్మిది మార్కుల బడికే పంపుతానంది. కనీసం అక్కడ ఏముందో తెలుసు కదా అంది.

లోయిస్ ఏడవలేదు, రాత్రంతా మేలుకోనూ లేదు. ఆమెకు అలవాటు లేని పనులవి. చెడిన ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూడటమే అలవాటు. పొద్దున్నే టౌ వాంగ్‌కి ఫోన్ చేసి తను పప్పులో కాలేశానని చెప్పింది. పిల్లకు ఇంకో రోజు కావాలనీ, ఈసారి ఏ ఏర్పాటూ ఉండకూడదనీ అంది.

సోమవారం తప్ప ఏ రోజైనా సరేనన్నాడు టౌ. ఆదివారం రాత్రికి మైనస్ ఇరవైకి దిగుతుందట, బస్సులు సగం కదలవు. టీచర్లలో ఆరుగురికి జ్వరం, బదులు వచ్చేవాళ్ళు ఎవరో ఆయనకే తెలియదు. చలికి పిల్లల్ని బయటికి వదలడం కుదరదు కాబట్టి మధ్యాహ్నానికి భవనం పాత్రలో ఉడికే చారులా ఉంటుంది.

"అయితే సోమవారమే," అంది లోయిస్.

"టీచర్‌గారూ, ఆ రోజు నేనే చూడలేను మా స్కూల్ని."

"అందుకే. తోడు ఎవర్నిస్తావు?"

"ఎవర్నీ ఇవ్వను. మొదట ఆఫీసుకొచ్చిన ఆరో తరగతి పిల్ల ఎవరైతే వాళ్ళే. సరేనా?"

కారిన్‌ని ఒప్పించడం కష్టమైంది. పిల్లను రెండోసారి ఎందుకు తిప్పలు పెట్టాలంది. చివరికి మారెన్‌నే అడిగారు. ఎవరికీ చెప్పకపోతే వస్తానంది మారెన్. కారిన్ ఇంకో షరతు పెట్టింది: ఆ రోజు లోయిస్ ఆ భవనం ఛాయలకు రాకూడదు. లోయిస్ సోమవారమంతా ఇంట్లో కూర్చుని గరాజు తలుపుకి నూనె వేసింది, అక్కర్లేని అలమారలు సర్దింది. ఆ రోజు సంగతి ఆమెకు తర్వాత మూడు నోళ్ళ నుంచి ముక్కలు ముక్కలుగా తెలిసింది.

మొదట ఆఫీసుకి వచ్చింది హోదన్ అనే సోమాలీ పిల్ల. బస్సు ఆలస్యమై, క్లాసులోకి రానివ్వమనే చీటీ కోసం వచ్చింది. కొత్తపిల్లను తిప్పమంటే తనకెందుకని మొహమ్మీదే అడిగింది. ఆఫీసావిడ అదంతేననడంతో మారెన్‌ని పైనుంచి కిందిదాకా చూసింది.

"నేను వేగంగా నడుస్తా. తప్పిపోతే నాకు సంబంధం లేదు."

రెండో పీరియడ్ తర్వాత తప్పిపోయింది కూడా. లెక్కల క్లాసు ఎక్కడని మారెన్ ఒక ఎనిమిదో తరగతి కుర్రాణ్ణి అడిగితే వాడు పై అంతస్తుకి పంపాడు, అది కింద ఉంది. ఎక్కి దిగి వెళ్ళేసరికి క్లాసు సగమైంది. బదులు వచ్చిన టీచరు పాఠం వదిలేసి తిమింగలాల సినిమా వేశాడు. వెనక బల్లల వాళ్ళు కాగితపు ఉండలు విసురుకుంటున్నారు. హోదన్ మారెన్ వైపు తిరిగి, ఎక్కడికి పోయావని అడగలేదు, జరిగి కూర్చుంది.

భోజనాల వేళకు కారిన్ భయపడినదే జరిగింది. హోదన్ వరసలో ముందుండి తన పళ్ళెం పట్టుకుని తన స్నేహితుల దగ్గరికి వెళ్ళిపోయింది. వాళ్ళలో వాళ్ళకేదో పొద్దుట్నుంచి నడుస్తున్న తగాదా. మారెన్ పళ్ళెంతో బయటికొచ్చి చూస్తే బల్లలన్నీ నిండి ఉన్నాయి. ఎవరూ జరగలేదు, ఎవరూ నవ్వలేదు, ఎవరూ పిలవలేదు. ఆ పిల్ల గోడ పక్కన పళ్ళెంతో నిలబడింది. ఆ హాలుకి లైబ్రరీ ఎటువైపో కూడా తెలుసు దానికి. మొదటిరోజు ఆడ్రీ చూపించింది.

తలుపు దాకా నడిచింది. అప్పుడు హోదన్ గొంతు వినబడింది.

"ఏయ్, కొత్తపిల్లా. ఆ బంగాళాదుంప ముక్కలు నువ్వు తింటావా, తినవా?"

తింటానంది మారెన్.

"సగం పెట్టు మరి. ఇటు రా, ఫౌజియా కొంచెం అటు జరుగుతుంది."

"నేనెందుకు జరగాలి?" అంది ఫౌజియా. జరిగింది.

మారెన్ సగం ముక్కలిచ్చి కూర్చుంది. వాళ్ళ తగాదా ఏమిటంటే, చెరువు మంచు మీద కారు నడుపుతారా అన్నది. హోదన్ నడపరంటుంది, అలా చెప్పేవాళ్ళంతా కోతలు కోస్తారంటుంది. ఫౌజియా వాళ్ళ మామయ్య చూశాడట. మారెన్ మధ్యలో కల్పించుకుంది. నడుపుతారనీ, తన నాన్న చేపలు పట్టే గుడిసెను ట్రక్కుతో మంచు మీదికి లాగుతాడనీ, అందుకు మంచు అడుగుకి పైగా మందం ఉండాలనీ చెప్పింది.

"నువ్వు చూశావా?"

"ఆ ట్రక్కులో కూర్చున్నా."

"అబద్ధం."

"నిజం."

"మునిగితే?"

"కిటికీలు దించుకుని నడుపుతారు. మునిగితే దూకెయ్యడానికి."

"పిచ్చోళ్ళు మీరు," అంది హోదన్. "మీ నాన్న, నువ్వు, అందరూ." గంట కొట్టేదాకా దాని గురించే తిట్టుకున్నారు. చివరి క్లాసులో కూడా హోదన్ వెనక్కి తిరిగి, మంచు మందం ఎలా కొలుస్తారని అడిగి టీచరు చేత చివాట్లు తింది.

సాయంత్రం మారెన్ ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా మొదలుపెట్టింది. ఆ ఎనిమిదో తరగతి వాడు దొంగవెధవ. లెక్కల సారు సారే కాదు. హోదన్‌కి ఏమీ తెలియదు గాని అన్నీ తెలిసినట్టు మాట్లాడుతుంది, ఫోటో చూపిస్తే గాని నమ్మనంది, నాన్న ట్రక్కు ఫోటో ఎక్కడుందో వెంటనే కావాలి. కారిన్ డ్యూటీకి తయారవుతూ జుట్టు ముడి సగంలో ఆపి వింటూ నిలబడింది. ఆ పిల్ల కిందటి వసంతం నుంచి ఏ బడి గురించీ ఇంత సేపు మాట్లాడలేదు, ఒక్కరినీ తిట్టలేదు.

"అయితే నచ్చలేదా?" అని అడిగింది.

"నచ్చలేదని ఎవరన్నారు?" అంది మారెన్. "రేపు ఆ ఫోటో హోదన్‌కెలా చేరాలి?"

కారిన్ తల్లికి ఫోన్ చేసింది. క్షమాపణలూ మెచ్చుకోళ్ళూ ఏమీ లేవు. దరఖాస్తు ఎక్కడ నింపాలో చెప్పమంది. పక్క ఊరి పిల్లలకు బస్సు రాదు కదా, తను రాత్రి డ్యూటీ దిగేసరికి ఎనిమిదవుతుంది, పొద్దున పిల్లను ఎవరు దింపుతారో అది కూడా చెప్పమంది. తను దింపుతానంది లోయిస్. ట్రక్కు ఫోటో టౌ వాంగ్ ద్వారా హోదన్‌కి చేరింది. అది కత్తిరించి అతికించిన ఫోటో అని హోదన్ తేల్చి పంపింది.

లోయిస్ ఇప్పటికీ వారానికి రెండు రోజులు కుటుంబాలను తిప్పుతుంది. కొత్తపిల్లకు తోడు ఎవరన్నది మాత్రం ఇక ఆమె చేతిలో లేదు, టౌ చేతిలోనూ లేదు. ఆ ఉదయం ఆఫీసు కిటికీ దగ్గరికి ముందు ఎవరొస్తే వాళ్ళే. ఫిబ్రవరిలో అలా దొరికిన ఒక కుర్రాడు వచ్చినవాణ్ణి మూడో పీరియడ్‌లో మరిచిపోయి వదిలేస్తే ఆ కుటుంబం వేరే ఊరు వెళ్ళిపోయింది. ఇళ్ళమ్మేవాడొకడు వచ్చి మొత్తుకున్నాడు. వాళ్ళు చూడాల్సింది చూసే వెళ్ళారంది లోయిస్.

అంకె ఈ ఏడాది కూడా పదికి ఐదే. సెప్టెంబరు నుంచి లోయిస్ కారు రోజూ ఆరూ యాభైకి కారిన్ ఇంటి ముందు ఆగుతోంది. స్కూలు దగ్గర మారెన్ వెనక గేటు దగ్గరే దిగుతుంది. భవనంలో ఎదురుపడితే పలకరించొద్దని మొదటిరోజే చెప్పేసింది.